వాల్యూం గీత

చంగల్రాయులు మామ కాల్లో ఇప్పుడొక ఇనప కడ్డీ ఉంది.
మెట్లు పదహారు.
కింద, సంతపేట షట్టరు వెనక,
హారన్ల మధ్య మూలుగుతూ ఒక కంప్యూటరు,
దాని కడుపులో పదకొండు వేల ఫైళ్ళు:
పద్యాలు, క్లారినెట్లు,
ఊరూరా రికార్డు చేసిన పద్దెనిమిదో నాటి యుద్ధాలు.

"అది కింద ఉండాది, నేను మిద్ది మింద ఉండా.
మధ్యలో ఏదన్నా చెయ్యి అబ్బయా," అన్నాడు
మంచానికి ఆనించిన చేతికర్రను చూడకుండా.

పగలు గుజ్జు ఫ్యాక్టరీలో మామిడి టన్నుల లెక్క రాస్తాను.
రాత్రి ఆ ప్లేయరు ముందు కూర్చున్నాను.
పాతకాలపు సాఫ్ట్‌వేరు.
దానికి తెలిసిందల్లా ఒక మౌసు, ఒక కుర్చీ,
కుర్చీలో ఒక మనిషి.
ఎదురుగా కూర్చోకుండా కూడా ఎవరైనా అడుగుతారని
రాసినవాడికి తోచలేదు.
తెలుగు పేర్లన్నీ దానికి ఖాళీ డబ్బాలు,
కడిగి బోర్లించిన గిన్నెల్లా వరసగా.
మామ మాత్రం నిడివి చూసి గుర్తుపడతాడు.
"నలభై రొండు నిమిషాల ఏడు సెకండ్లా? మానసంరక్షణం.
చీర లాగే దగ్గిర టేపు తెగింది, నేనే అతికించినా."

నాలుగు రాత్రులు పట్టింది.
ఒక పోర్టు తెరిచాను, ఎనిమిది వేల ఎనభై.
ఒక పేజీ కట్టాను: వెతికే గడి, ఆడించే బొత్తాం, ఆపే బొత్తాం,
అడుగున వాల్యూంకి ఒక గీత, గీత మీద ఒక చుక్క.
ఫోనులో తెరవగానే డబ్బాలన్నీ అక్షరాలయ్యాయి.
కుప్పమ్మత్త కళ్ళద్దాలు తెచ్చుకుని
'బండపల్లె, మూడో రోజు' అని కూడబలుక్కుంది.

మామ బొత్తాం నొక్కాడు.
ఫోను నోరు విప్పలేదు.
కింద
తాళమేసిన షట్టరు గడగడా వణికి
దుర్యోధనుడు మడుగులోంచి అరిచాడు.
రాత్రి పదకొండున్నర.
బండి సర్దుకుంటున్న దోసెలాయన గరిటె జారవిడిచాడు.

తప్పు నాది.
వేలు ఇక్కడుంటే గొంతు అక్కడుంటుందని మర్చిపోయాను.
"రేపు సర్దుతా మామా, పాట నీ ఫోనుకే వచ్చేటట్టు."
ఆయన వినడం లేదు.
మంచి కాలి అరికాలు నేలకానించి
కిందినుంచి వచ్చే అదురును పట్టుకుంటున్నాడు.
"ఫోనుకి పెడితే పెట్టు.
కింద మోగేది మాత్రం తియ్యాకు."

తియ్యలేదు.

వారం తరవాత ఒక రాత్రి
గీత మీద చుక్క కదిలింది.
ఆయన తాకలేదు, నేను తాకలేదు.
అరవై నుంచి నలభై ఐదుకి.
"ఏమిరా, దయ్యమా?" అని మామ పైకి లాగాడు.
కాసేపాగి అది మళ్ళీ దిగింది,
హారను గొంతు చీలకముందే
ఎంత తగ్గించాలో ఎరిగిన చెయ్యి దించినట్టు.

లాగ్ తెరిచాను. రెండు చిరునామాలు.
ఒకటి మామది.
రెండోదానికోసం కిటికీలోంచి వంగి చూశాను.
షట్టరు ముందు ఆటో,
ఫోను వెలుతురులో ఖాదర్‌వలి గడ్డం.
ఇరవై రెండేళ్ళు మామ స్తంభమెక్కితే వైరందించినవాడు.
పోయినేడు జాతరలో నిచ్చెన పట్టుకున్నవాడు.
పట్టుకున్నాడా, వదిలాడా అని
ఆసుపత్రిలో ఒక మాట వచ్చింది.
ఆ తరవాత మాటే లేదు.
కొట్టు వైఫై పాస్‌వర్డు మాత్రం ఎవరూ మార్చలేదు.
ఆ పేజీ నంబర్లు చీటీ మీద రాసిచ్చిందెవరో నేనడగలేదు.
కుప్పమ్మత్త
కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

"లాగిన్ పెట్టమంటావా మామా?
ఎవరుబడితే వాళ్ళు రాకుండా."

ఆయన గీతను చూస్తున్నాడు.
"పెట్టాకు."

అంత అవసరం లేకపోయినా
చుక్కను ఎనభై దాకా తోశాడు.
వేలు తీసేశాడు.
దించేదాకా
కాచుకుని కూర్చున్నాడు.